నార్బర్ట్ వెసెల్ ఇవ్వనన్న వాల్ట్జ్

బొగ్గుగనిలో పనిచేసినవాడికి అనుమానం దుర్గుణం కాదు, విద్య. లోపలికి దిగగానే గునపం పైకెత్తి కప్పును ఒకసారి తట్టి చూడాలి. ఖంగుమని గట్టిగా పలికితే దాని కింద నిలబడవచ్చు. డొల్లగా, తడిసిన డోలు మీద అరచెయ్యి పడినట్టు పలికితే మాత్రం, చూపుకు ఎంత నున్నగా ఉన్నా ఆ చోటు విడిచి రావాలి. క్లోస్టర్‌విల్ గనిలో నార్బర్ట్ వెసెల్ యౌవనమంతా ఇలా తట్టి చూడడంలోనే గడిచింది. గని మూతపడి పింఛను మీద ఇంటికి వచ్చాక తట్టడానికి కప్పు లేకపోయింది గనుక, ఆయన మనుషులను తట్టి చూడడం మొదలుపెట్టాడు.

కొత్తగా వచ్చిన ఫాదర్ దారిలో ఆగి పలకరిస్తే, "ఏం ఫాదర్, గుడి కప్పు మళ్ళీ కారుతోందా? చందా ఎంత?" అని అడిగేవాడు. విత్తనాల కంపెనీవాడు ఊరికే టోపీ ఇస్తే దాన్ని తిరగేసి, లోపలి అంచంతా వేలితో తడిమి చూసి, చివరికి పెట్టుకోకుండా మేకుకు తగిలించేవాడు. ఆయన భార్య రోసెల్లా చర్చి మెట్ల మీద పదిమందిలో అనేది: "మావాడు స్వర్గానికి వెళ్ళినా తిన్నగా లోపలికి పోడమ్మా. ముందు గుమ్మం తట్టి చూస్తాడు. తర్వాత అక్కడ కాపలా కాసే పీటర్ గారి గడ్డం నిజమైనదో కాదో లాగి చూస్తాడు."

ఇలినాయ్ దక్షిణపు కొసన, మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ ఊళ్ళో నార్బర్ట్‌కు గనికి సంబంధించని మరో జన్మ కూడా ఉండేది. అది శనివారం సాయంత్రం మొదలై ఆ సాయంత్రంతోనే ముగిసేది. చర్చి హాలులో జరిగే నాట్యాలకు ఆయన పెడల్ స్టీల్ గిటార్ వాయించేవాడు. బల్లలాగా కాళ్ళ మీద నిలిచి ఉండే వాద్యం అది. కుడిచేతి వేళ్ళు తీగలను మీటుతుంటే ఎడమచేతిలోని ఉక్కుకడ్డీ వాటి మీద జారుతుంది, కింద పాదాలు పెడళ్ళను తొక్కుతుంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లెక్కినట్టు కాక, నూనె ఒలికినట్టు పోవడం దాని స్వభావం. ఏడుపుకు దగ్గరి వాద్యమని అంటారు గానీ, ఆ మాట అర్ధసత్యం. ఏడవబోయి ఆగిన గొంతుకు దగ్గరి వాద్యమనడం సాధువు.

ఆయన పక్కన అన్న లైనస్ కాన్సర్టీనా అనే చేతి తిత్తులవాద్యం పట్టుకునేవాడు. లైనస్‌ది వేరే తరహా. ఎవరినీ అనుమానించడు, కప్పును కూడా మొక్కుబడిగానే తట్టేవాడు. గనిలో స్నానాల గదిలో, గనివాళ్ళు గొలుసులతో పైకి లాగి వేలాడదీసిన బట్టల కింద నిలబడి ఈలవేస్తూ అతడొక వాల్ట్జ్ కట్టాడు, జంటలు మూడు అడుగుల లెక్కన ఆడే పాట. దానికి పేరు పెట్టలేదు. నాట్యం ముగిసేముందు అదే వాయించేవారు గనుక ఊరంతా దాన్ని "ఆఖరిది" అనేది. దానికొక కట్టడి ఉండేది. ఆఖరిదానికి ఎవరూ కూర్చోకూడదు. మొగుడూ పెళ్ళాలు దారిపొడుగునా దెబ్బలాడుకుంటూ వచ్చినా సరే, అడుగు సులువుగా జారేందుకు మొక్కజొన్నపిండి చల్లిన ఆ చెక్కనేల మీదికి లేచి మూడు అడుగుల లెక్క కలపవలసిందే. ఏ జంట అయినా కూర్చుండిపోయిందంటే, ఆ ఇంట్లో ఏదో చెడిందని సోమవారానికల్లా ఊరు తేల్చేసేది. కోర్టు తీర్పుకు అప్పీలు ఉంటుంది గానీ ఆ తీర్పుకు ఉండేది కాదు.

లైనస్ మీద కప్పు కూలింది. ఎక్కువ చెప్పవలసింది లేదు, అక్కడ కూలిన కప్పులన్నిటి కథా ఒక్కటే. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆఖరిదాన్ని నార్బర్ట్ ఒక్కడే స్టీలు గిటారు మీద వాయించాడు. తర్వాత జనం శనివారాలు టీవీ ముందు కూర్చోవడం నేర్చారు, నాట్యాలు ఆగిపోయాయి, స్టీలు పెట్టెలోకీ పెట్టె మంచం కిందికీ వెళ్ళాయి. అన్నగారి చేతివ్రాత ఒక్క పంక్తి కూడా ఇంట్లో లేదు. చెప్పుకోవడానికి మిగిలింది ఆ పాట ఒక్కటే. నార్బర్ట్ అనుమానమంతా దాని చుట్టూ కంచెలా పెరిగింది.

కంచెకు ముళ్ళు తొడిగిన సంగతి ఇంకొకటుంది. గని మూసిన ఏడాది నగరం నుంచి టీవీవాళ్ళు వచ్చారు. సిల్వెస్టర్ బుడ్కే సారాయికొట్టులో కూర్చుని, గనివాళ్ళ కష్టం దేశానికి చూపిస్తామని చెప్పి సాయంత్రమంతా చిత్రం తీశారు. నార్బర్ట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గని గురించి, పింఛను గురించి, అన్న గురించి నిదానంగా మాట్లాడాడు. చివరికి టీవీలో వచ్చింది సిల్వెస్టర్ ఊరవేసిన పందికాలు చీకుతూ, గడ్డం మీది రసం మోచేత్తో తుడుచుకోవడం. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. మన వ్యాకరణంలో నవ్వడం వేరు, నవ్వించడం వేరు, నవ్వులపాలు చేయడం వేరు. మూడింటిలోనూ నవ్వు ఉన్నది గదా అని ఒకటిగా లెక్కవేసేవాడికి మూడోది ఎన్నడూ అనుభవంలోకి రాలేదన్నమాట. క్లోస్టర్‌విల్‌కు వచ్చింది.

అటువంటి ఇంటికి, ఆ శరదృతువులో, మొక్కజొన్న కోతలు సాగుతుండగా ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి తలుపు తట్టారు.

ముందున్నవాడు టాడ్ బ్రూనర్. పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు బ్రూనర్ గారి కొడుకు. ఒక బృందం కట్టి పాటలు పాడుతున్నాడు. పాత గ్రామీణ సంగీతాన్నీ, విద్యుత్తు గిటార్ల రొదనూ కలిపి పాడే రకం. ఆ ఏళ్ళలో ఆ చుట్టుపక్కల కుర్రకారుకు పట్టిన పిచ్చి అదే. వెనకున్నవాడు డ్రమ్ములు వాయించే కర్ట్. రోసెల్లా వాళ్ళను వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసి, ఆపిల్ కేకు కోసి పెట్టింది. నార్బర్ట్ ఎదురుగా కూర్చుని కర్ట్ చొక్కా జేబు వంక చూశాడు. దాని మీద ఎర్రదారంతో పేరు కుట్టి ఉంది.

"నీ పేరు ఆల్వినా?"

"కాదండీ. కర్ట్."

"మరి జేబు మీద ఆల్విన్ అని ఉందేం?"

"పాతబట్టల కొట్లో కొన్నానండీ. బాగుందని."

"బాగుంటుంది. అది ఆల్విన్ క్రోయిగర్‌ది. పెట్రోలు బంకులో పనిచేసేవాడు. మొన్న చలికాలంలో పాతిపెట్టాం. పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నా."

కర్ట్ గొంతులో కేకు అడ్డంపడింది. రోసెల్లా వీపు మీద చరిచి, "తిననివ్వు పిల్లాణ్ణి!" అని భర్తను కసిరింది.

"నేనేమన్నానే? చొక్కా బాగుందన్నా." ఆయన టాడ్ వైపు తిరిగాడు. "మీ జట్టు పేరేమిటన్నావ్?"

"రెండో కోత అండీ. అంటే గడ్డి రెండోసారి కోస్తారు కదా, అది మొదటిదానికన్నా మెత్తగా ఉంటుందట."

"ఉంటుందట!" అన్నాడు నార్బర్ట్. స్వయంగా గడ్డి కోసినవాడి నోట ఆ చివరి 'ట' రాదు. "పళ్ళ డాక్టరు కొడుక్కి ఏం కష్టం వచ్చిందయ్యా, ఈ పాటలు పాడుకోవడానికి?"

టాడ్ కాఫీ కప్పు దించకుండానే, "మా నాన్న రోజంతా జనం నోళ్ళు తెరిపించేవాడండీ, ఇంట్లో తను మాత్రం నోరు తెరిచేవాడు కాదు," అన్నాడు. రోసెల్లా నవ్వింది. నార్బర్ట్ నవ్వలేదు. జవాబు మరీ చప్పున వచ్చిందని అనుకున్నాడు.

వాళ్ళు ఒక ఆల్బం తయారుచేస్తున్నారు. ఊరి చివర మూతపడ్డ పాల కేంద్రాన్ని అద్దెకు తీసుకుని అక్కడే రికార్డు చేస్తున్నారు. రెండు పాటలకు స్టీలు కావాలి. ఆల్బం పేరు 'పాత ఇనుము'.

"పాత ఇనుమంటే ఎవరు? మేమా?" అని అడిగాడు నార్బర్ట్.

ఆ ప్రశ్నకు జవాబు రాకముందే రోసెల్లా మంచం కింద నుంచి పెట్టెను చీపురుకర్రతో ఇవతలికి తోస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన పాల కేంద్రానికి వెళ్ళాడు. వాయించడానికి కాదు, తట్టి చూడడానికే వెళుతున్నానని దారి పొడుగునా తనకు తానే చెప్పుకుంటూ వెళ్ళాడు.

పాల కేంద్రంలో అందరూ ఒకే గదిలో వలయంగా కూర్చుని, ఒకేసారి వాయించేవారు. గోడలకు దుప్పట్లు వేలాడుతున్నాయి. అద్దం అవతల చిన్నగదిలో టేపు యంత్రం దగ్గర ఒకరిద్దరు ఉన్నారు. మొదటి పాట పేరు 'పందితొడ'. చర్చి లాటరీలో వరుసగా పందితొడ గెలుచుకుంటున్న ఒకణ్ణి ఊరంతా అనుమానించే పాట. రెండోది మూతపడ్డ గని ముందు నిలిపిన లారీ గురించి. నార్బర్ట్ రెండింటికీ పాతపద్ధతిలో వాయించాడు. పాడేవాడు పాడుతుండగా చేతులు కట్టుకోవడం, అతడు ఊపిరి తీసుకున్నచోట మాట అందుకోవడం. సభలో ఎప్పుడు మాట్లాడాలో తెలిసిన పెద్దమనిషి మాట్లాడినట్టుంది ఆ వాద్యం.

విరామంలో తీగలు సరిచూసుకుంటూ, చేతులు తమంత తాము వెళ్ళిన దారిన వెళితే, ఆయన ఆఖరిదాన్ని కొంచెం మీటాడు. టాడ్ తాగుతున్న సీసా కింద పెట్టాడు.

"అదేంటండీ?"

"ఏం లేదు. మా అన్నది."

"మొత్తం ఒకసారి వాయిస్తారా? మేం ఊరికే పక్కన ఉంటాం."

అక్కడే నార్బర్ట్ తన విద్య మరిచాడు. తట్టకుండా నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా వాయించాడు, అద్దం అవతల టేపు తిరుగుతూనే ఉంది. రెండో చరణంలో పైస్థాయికి పోవలసినచోట చేతిలో కడ్డీ తొట్రుపడింది, స్వరం కిందికి జారి, మళ్ళీ లేచి స్థానం చేరుకుంది. అటువంటి జారుడు పాతరోజుల్లో పడితే లైనస్ ఓరగా చూసేవాడు. వాయించడం ముగిసి కళ్ళు తెరిచేసరికి అద్దం అవతల ఎవరో నవ్వుతున్నారు. టాడ్ కూడా అటు చూసి నవ్వు ఆపుకుంటున్నాడు.

"చెయ్యి జారింది. అది చెరిపెయ్. మళ్ళీ వాయిస్తా," అన్నాడు నార్బర్ట్.

"వద్దండీ. అదే బాగుంది. దాన్ని ముట్టుకోం."

"తప్పు పోయిందంటున్నాగా!"

"అందుకే బాగుందండీ," అన్నాడు టాడ్. ఆల్బంలో చివరిపాటగా దాన్ని పెట్టుకుంటామనీ, ఆయన సరే అంటే చాలుననీ అన్నాడు. నార్బర్ట్ సరే అనలేదు, కాదనలేదు. కడ్డీ తుడిచి జేబులో వేసుకున్నాడు.

తప్పు చేసినవాడు దిద్దుకుంటానంటే వద్దనడం ఎక్కడి మర్యాద? గనిలో అయితే దిద్దని తప్పు మనిషిని తింటుంది. నాట్యశాలలో అయితే జంటల అడుగు చెడుతుంది. ముసలివాడి చెయ్యి వణికిందని తెలిసి, ఆ వణుకునే అట్టిపెట్టుకుంటామనేవాళ్ళకు అది దేనికి పనికివస్తుంది? ఆ ప్రశ్నకు నార్బర్ట్‌కు ఒక్క జవాబే తోచింది. ఇంకో పందికాలు.

అనుమానం ఒంటరిగా ఉన్నంతకాలం నీడమొక్క. సారాయికొట్టుకు తీసుకువెళితే దానికి ఎరువు దొరుకుతుంది. సిల్వెస్టర్ కొట్టులో అప్పటికే 'పందితొడ' పాట గురించి పెద్ద వాదన నడుస్తోంది. పాల కేంద్రానికి కరెంటు పని చేయడానికి వెళ్ళినవాడెవడో విని వచ్చి, వచ్చినంతవరకు పాడి వినిపించాడట. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కడూ ఆ పాట తనమీదేనంటున్నాడు.

"అది నా మీదేరా!" అని బల్ల చరిచాడు సిల్వెస్టర్. "నేను గెలిచానా లేదా? వరసపెట్టి గెలిచానా లేదా?"

"నువ్వు చీటీలు మడతపెట్టేవాడివి కాబట్టి గెలిచావ్," అన్నాడు మూల నుంచి ఎవరో.

"చూశావా నార్బర్ట్, వాళ్ళు చేసిన పని! ముందు నాతో పందికాలు చీకించారు, ఇప్పుడు పందితొడ తినిపిస్తున్నారు. ఇంతకీ నువ్వేం వాయించి వచ్చావ్?"

నార్బర్ట్ గ్లాసు వంక చూస్తూ చెప్పాడు.

"ఆఖరిదా?" సిల్వెస్టర్ గొంతు తగ్గింది. "తప్పుతో సహా ఉంచుకుంటామన్నారా? పైగా నవ్వారా? ఒరే, నీకేం పోయే కాలంరా! ఇంక చూసుకో. ఈసారి పందికాలు లైనస్ చేతిలో పెడతారు."

ఆ మాట గుచ్చుకుంది. మరునాడు పగలే నార్బర్ట్ పాల కేంద్రానికి నడిచాడు. తలుపు దగ్గరికి రాగానే లోపల నుంచి ఆఖరిది వినిపించింది. వాళ్ళు సాధన చేస్తున్నారు. కానీ అది ఎంత నెమ్మది! శవపేటిక వెనక నడిచేవాళ్ళకు సరిపోయేటంత నెమ్మది. మూడు దెబ్బల తాళంలో మొదటి దెబ్బకూ రెండోదానికీ మధ్య మనిషి కాఫీ తాగి రావచ్చు. ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఆ టేపు ఇలా ఇవ్వు."

వాద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. టాడ్ గిటారు పక్కన పెట్టి లేచాడు. "ఏమైందండీ?"

"ఆరోజు ఎందుకు నవ్వారు?"

"ఎప్పుడు? ఓ, అదా!" టాడ్ తలగోక్కున్నాడు. "కర్ట్ వల్లండీ. మెల్లగా డ్రమ్ము కలుపుతానన్నాడు. మీరు మొదలుపెట్టాక వాయించడమే మరిచిపోయాడు. పుల్లలు గాలిలో పెట్టి పాట అయిపోయేదాకా బొమ్మలా కూర్చున్నాడు. దానికి నవ్వాం."

"అలాగా. కథ బాగుంది. అప్పుడే చెబితే ఇంకా బాగుండేది. ఇప్పుడు దీన్ని ఇలా చంపుతున్నారేం? దీనికి ఎవడు నాట్యం చేస్తాడు?"

"మాకు మీరు వాయించింది ఇలాగే వినపడిందండీ."

"ఒక్క మాట అడుగుతా, తిన్నగా చెప్పు. మీరు మమ్మల్ని చూసి ఎగతాళి చేస్తున్నారా లేదా?"

ఇటువంటి చోట ఎవరైనా అయ్యో లేదంటారు. టాడ్ మాత్రం, "పందితొడ పాటలో కొంచెం చేశామండీ," అన్నాడు. "అది మా మేనమామ మీద కట్టాను. చేశాం. ఇందులో చెయ్యలేదు."

నార్బర్ట్‌కు ఆ జవాబు ఎటూ కాకుండా తగిలింది. ఖంగుమనలేదు, డొల్లగానూ పలకలేదు. ఒకచోట దొంగతనం ఒప్పుకున్నవాడు ఇంకోచోట చేయలేదంటే నమ్మాలా, ఒప్పుకున్నదే ఇంకోదాన్ని దాచడానికని అనుకోవాలా? ఆలోచించి, ఆయన తన ఎరుకలో ఉన్న ఒక్క న్యాయస్థానాన్ని పిలిచాడు.

"శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు విందు ఉంది. ఊరంతా వస్తుంది. వచ్చి దీన్ని ఇలాగే వాయించండి. నేను వాయించను, కింద కూర్చుంటా. జనం లేచి ఆడితే పాట మీది, ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోండి. కూర్చుండిపోతే టేపు నా చేతికి వస్తుంది. దాని నకలు ఒక్కటి కూడా మీ దగ్గర ఉండకూడదు."

"మీ మాట చాలండీ," అని టాడ్ చెయ్యి చాపాడు. నార్బర్ట్ ఆ చేతిని పట్టుకుని, అలవాటు చొప్పున, ఒకసారి తిరగేసి చూశాడు. వేళ్ళ కొసల మీద తీగలు ఒరిసిన కాయలున్నాయి. ఉంటే ఉన్నాయిలే అనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రానికి హాలు నిండింది. వేపుడు చేపలు, నల్లరొట్టె, క్యాబేజీ ముక్కలు, వెనిగరు వేసిన బంగాళాదుంప కూర, జగ్గుల్లో బీరు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో నేల మీద మొక్కజొన్నపిండి చల్లారు. కుర్రవాళ్ళు వేదిక మీద తీగలు బిగించుకుంటున్నారు. కర్ట్ మామూలు చొక్కా వేసుకుని వచ్చాడు. నార్బర్ట్ భార్య పక్కన, వేదిక వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"ఒరే, ఏం కంగారుపడకు," అంటూ సిల్వెస్టర్ వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసి చెవిలో అన్నాడు. "అన్ని బల్లలకీ చెప్పేశా. నువ్వు లేస్తే తప్ప ఒక్కడూ లేవడు."

నార్బర్ట్ గిరుక్కున తిరిగాడు. "నిన్నెవరు చెప్పమన్నార్రా?"

"ఎవరు చెప్పాలి? మనవాడి పాట మనం కాపాడుకోవద్దూ!"

ఆయన ఇంకేదో అనబోయేలోగా వేదిక మీద పాట మొదలైంది. మొదట గిటారు ఒక్కటే, పాల కేంద్రంలో విన్నంత నెమ్మదిగా. తర్వాత కర్ట్ మెత్తని పుల్లలతో కలిశాడు. ఫోర్కులు కంచాల మీద ఆగాయి. ఎవరూ లేవలేదు. బల్లబల్లకూ ముసలివాళ్ళు చేతులు కట్టుకుని, మెడలు తిప్పి చూస్తున్నారు. వేదిక వైపు కాదు, నార్బర్ట్ వైపు. ఊరు తీర్పు చెబుతుందని ఆయన ఊరిని పిలిస్తే, ఊరు తీర్పు ఆయన ఒళ్ళో పెట్టి చోద్యం చూస్తోంది.

గెలుపంటే ఇదే. టేపు చేతికి వచ్చేసినట్టే. కానీ ఆ హాలు పుట్టిన తర్వాత ఆఖరిది వినిపిస్తుండగా జనమంతా కూర్చుని ఉండడం ఇదే మొదటిసారి. నేల మీది పిండిలో ఒక్క అడుగు ముద్ర కూడా లేదు. లైనస్ బతికి ఉంటే ఏమనుకునేవాడు? ఎవరింట్లోనో ఏదో చెడిందనుకునేవాడు.

అంతలో రెండో చరణం వచ్చింది. పైస్థాయికి పోవలసినచోట టాడ్ తన స్వరాన్ని కావాలని కిందికి జార్చి, మళ్ళీ లేపాడు. అచ్చంగా ఆరోజు నార్బర్ట్ చెయ్యి జారినట్టే.

"చూశావా!" నార్బర్ట్ పిడికిలి బల్ల మీద బిగుసుకుంది. "నా తప్పు నాకే చూపిస్తున్నాడు. వెక్కిరింపు కాదూ ఇది?"

"వెక్కిరింపు కాదు, ఏం కాదు," అంది రోసెల్లా. ఆమె చేతులు తుడుచుకుంటోంది. "నీ దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకునేవాడు తప్పుతో సహా నేర్చుకుంటాడు. మన పెద్దపిల్ల నీలాగే ముక్కు ఎగబీలుస్తుంది. నిన్ను వెక్కిరించడానికా?"

అది నిజమే. శిష్యుడికి గురువు నుంచి ముందుగా అంటేది గురువు దోషమే. ఉచ్చారణ చెప్పే ప్రతివాడూ ఈ సత్యం ఎరుగును, ఎరిగి సిగ్గుపడును. కానీ నిజమైనంత మాత్రాన నార్బర్ట్ నమ్మాడని కాదు. ఆయన పిడికిలి విప్పలేదు.

రోసెల్లా కుర్చీ వెనక్కి నెట్టి లేచి, ఆయన ఎదుట నిలబడి చెయ్యి చాపింది.

"లే."

"కూర్చోవే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీకు గుర్తుందో లేదో, ఈ హాల్లో ఆఖరిది ఎన్నిసార్లు అయిందో అన్నిసార్లూ నేను అదిగో, ఆ మూల కూర్చున్నాను. అందరి కోట్లూ కుప్పపోసి నాకు అప్పజెప్పి వెళ్ళేవారు. వాయించేవాడి పెళ్ళాం గదా, ఆడించే మొగుడే గానీ ఆడే మొగుడు లేడు గదా, నా జోలికి ఊరి తీర్పు రాలేదు. ఈ వేళ నీ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇది అయిపోయేలోగా లేస్తావా, నేను సిల్వెస్టర్‌ని లేపనా?"

"నన్నొదిలెయ్యి తల్లీ!" అన్నాడు సిల్వెస్టర్ వెనక నుంచి.

నార్బర్ట్ భార్య ముఖం వంక చూశాడు. తట్టి చూడవలసిన అవసరం లేనిది ప్రపంచంలో ఒకటున్నదని ఆయనకు ముందే తెలుసు గనుకనే, ఇన్నేళ్ళుగా ఆ వైపు చూడనేలేదేమో. ఆయన లేచాడు. లేచాక తెలిసింది, ఊరంతటికీ అడుగులు కలిపిన తనకు అడుగు వేయడం రాదని. ఏ కాలు ముందు పెట్టాలో తెలియక కుడికాలు పెట్టి రోసెల్లా బొటనవేలు తొక్కాడు.

"అమ్మో! ఎడమది, ఎడమది!"

"ఒరే, వీడికి రాదురోయ్!" అని అరిచాడు సిల్వెస్టర్. "ఇన్నాళ్ళూ మన కాళ్ళతో ఆడుకున్నాడు, వాడి కాళ్ళకి ఒక్క అడుగు రాదు!"

హాలు గొల్లున నవ్వింది. నార్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కక్షణం ఆయన తల తిప్పి బల్లలన్నీ కలయజూశాడు, ఈ నవ్వు ఏ జాతిదో తేల్చుకోవాలని. తేల్చేందుకు వ్యవధి లేకపోయింది, పాట కదులుతోంది. నెమ్మదిగా ఉండబట్టి, కాలు తప్పినప్పుడల్లా మళ్ళీ అందుకోవడానికి దానిలో చోటు దొరుకుతోంది. అటు ఒక జంట లేచింది, ఇటు మరొకటి. కుర్చీల కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. సిల్వెస్టర్ భార్య అతణ్ణి చొక్కా పట్టి లాక్కుని వచ్చింది.

టాడ్ గిటారు ఆపకుండానే వేదిక అంచుకు వచ్చి వంగి అడిగాడు. "వెసెల్ గారూ! మరి ఆల్బంలో పెట్టుకోవచ్చా అండీ?"

"ఇప్పుడు అడుగుతావేంటయ్యా, లెక్క తప్పుతోంటే!" నార్బర్ట్ తన పాదాల మీది నుంచి చూపు ఎత్తలేదు. "ఒకటి, రెండు... తీసుకో! తీసుకుపోయి పెట్టుకో! ఒకటి, రెండు, మూడు... ఆపావంటే మాత్రం ఊరుకోను, వాయించు."